మృదులాస్థి దానము

మిర్యాలగూడ ఆయకట్టులో నాట్లకాలమున ఏ యూరి మడిగట్టుపై నిలిచి చూచినను ఒక దృశ్యము కనబడును. నలువదియైదేండ్లు దాటిన స్త్రీ బురదలో వంగి నాటు వేయుచు, గట్టెక్కవలసివచ్చినపుడు ముందుగా చేయి మోకాలిపై ఆనించి, పండ్లు బిగబట్టి లేచును. ఏమమ్మా అని అడిగినచో, "మోకాలిలో గుజ్జు అరిగిపోయిందయ్యా" అని చెప్పి మరల పనిలో దిగును. గుజ్జు అనునది జనులు పెట్టుకొన్న పేరు. వైద్యులు దీనిని మృదులాస్థి యందురు. ఎముక యెముకతో ఒరసికొనకుండ రెంటి కొనలను కప్పియుండు నునుపైన తెల్లని పొర యిది. మోకాలిలో దీని మందము రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. ఈ పలుచని పొరపైననే మన ప్రాంతపు వ్యవసాయమంతయు నిలిచియున్నదనినను అతిశయోక్తి కాదు.

మఱియొక దృశ్యము సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నెంబరు జాతీయరహదారిపై కనబడును. ఇరువదియేండ్ల యువకుడు మోటారుసైకిలుపైనుండి పడి మోకాలు పగులగొట్టుకొనును. ఎముకలో రక్తము పాఱుచుండును గనుక విఱిగినను కొన్ని మాసములలో అతుకుకొనును. మృదులాస్థిలో రక్తనాళములు లేవు, నరములు లేవు. దానిలోని జీవకణములు మొత్తము పరిమాణములో నూటికి అయిదు పాళ్లకు మించవు. తక్కినదంతయు నీరును, ఆ కణములు అల్లుకొన్న పీచును. దెబ్బతిన్న చోటికి మరమ్మతు సామగ్రి పోవు త్రోవయే లేదు. ఒకమాఱు చెడిన మృదులాస్థి మరల రాదని విలియం హంటర్ అను శారీరశాస్త్రజ్ఞుడు 1743లో లండను రాయల్ సొసైటీకి విన్నవించెను. రెండువందల యెనుబదేండ్లు గడచినను ఆ మాట పూర్తిగా అబద్ధము కాలేదు.

ఈ విషయమును ఇపుడు ప్రస్తావించుటకు కారణము కలదు. 1994లో పార్లమెంటు మానవావయవముల మార్పిడినిగూర్చి చట్టము చేసినపుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశము దానిని స్వీకరింపక 1995లో తనకై వేఱొక చట్టమును చేసికొనెను. కేంద్రచట్టమును 2011లో సవరించి, గుండె మూత్రపిండముల వంటి అవయవములతోబాటు ఎముక, చర్మము, మృదులాస్థి మొదలగు కణజాలములను గూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. చట్టము పేరుననే కణజాలమను మాటను చేర్చిరి. మన ప్రాంతము మాత్రము పాతచట్టము క్రిందనే ఉండిపోయెను. తుదకు 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ కేంద్రచట్టమును స్వీకరించుచు తీర్మానించినది. పదునాలుగేండ్ల యాలస్యము స్వల్పము కాదు. అయినను ద్వారము తెఱువబడినది. ఆ ద్వారమున ఎవరు ప్రవేశింపవలెను, ఏమి తీసికొని రావలెను అనునదే ఇప్పటి ప్రశ్న.

మరణించినవారి కీలునుండి మృదులాస్థిని, దాని క్రింది యెముక ముక్కతోగూడ తీసి, బ్రతికియున్నవాని మోకాలిలోని గుంటకు సరిపోవునట్లు చెక్కి అమర్చు చికిత్స క్రొత్తది కాదు. జర్మనీలో ఎరిక్ లెక్సర్ 1908లోనే కీళ్ల మార్పిడిని గూర్చి ప్రకటించెను. కెనడాలోని టొరంటోలో ఆలన్ గ్రాస్ 1972 మొదలుకొని తాజా మృదులాస్థితో ఇట్టి చికిత్సను సాగించెను. మూత్రపిండము మార్చినవానివలె జీవితాంతము మందులు మ్రింగవలసిన పని ఇందులో లేదు. మృదులాస్థి కణములు తాము అల్లుకొన్న పీచుగూటిలో దాగియుండుటచేత శరీరము వానిని పరాయివారినిగా సులభముగా పోల్చుకొనజాలదు.

ఇంతమాత్రముననే పాఠకులు లేనిపోని ఆశలు పెంచుకొనరాదు. కీలంతయు అరిగిపోయిన వయోవృద్ధులకు ఈ చికిత్స పనికిరాదు. వారికి లోహపు మోకాలే గతి. మేము మొదట చెప్పిన నాట్ల స్త్రీకి ఈ విద్యవలన నేరుగా కలుగు మేలు కొంచెమే. మునుగోడు, మఱ్ఱిగూడ ప్రాంతములలో ఫ్లోరిన్ నీటివలన వంగిపోయినవారికి అసలే కలుగదు. ఆ వ్యాధిలో ఎముకలు గట్టిపడి, వానిని కట్టియుంచు నరములవంటి పట్టీలుకూడ ఎముకగా మాఱును. గుజ్జు మార్చినంత మాత్రమున ఆ బిగువు సడలదు. మంచినీరే దానికి మందు. గుజ్జు పుట్టించెదమని పట్టణములలో బోర్డులు కట్టువారు ఈ భేదమును రోగులకు చెప్పుటలేదు గనుక మేము చెప్పవలసి వచ్చినది. మృదులాస్థి మార్పిడి ముఖ్యముగా యువకులకు. తక్కిన కీలు చక్కగనుండి, రూపాయి బిళ్లంతటి గుంట ఏర్పడినవారికి. రహదారి ప్రమాదములలోను, కబడ్డీ మైదానములోను మోకాలు చెడగొట్టుకొని ముప్పదేండ్లకే కుంటివారగుచున్నవారు వారే.

మఱి చిక్కెక్కడ? తీసిన మృదులాస్థిని నిలువచేయుటలో. నాలుగు డిగ్రీల చల్లదనములో, పోషకద్రవములో ఉంచినచో కణములు సుమారు ఇరువదియెనిమిది దినములు చికిత్సకు తగినంత సజీవముగా నుండును. అందులో మొదటి రెండు వారములు దాతకు అంటువ్యాధులు లేవని పరీక్షించుటకే చెల్లును. మిగిలినది ఒక పక్షము. ఆ పక్షములో, మోకాలి పరిమాణము దాత మోకాలితో సరిపోవు రోగి దొరకవలెను. అతడు ఆస్పత్రికి రావలెను. శస్త్రవైద్యుడు సిద్ధముగా నుండవలెను. జాతకము కుదిరి, ఇచ్చిపుచ్చుకొనుటలు కుదిరి, ముహూర్తము కుదిరి పెండ్లి పదునైదు దినములలో జరుగవలెనన్నట్లున్నది. గడువు మీఱినచో ఆ దానమంతయు వ్యర్థము. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమువారు గది వేడిమిలోనే ఉంచు పద్ధతిచే ఈ గడువును సుమారు రెండు మాసములకు పెంచిరి. అదియు మేలే కాని, అన్ని పరిమాణముల ముక్కలను ఏడాదిపొడవున అరలలో పెట్టుకొని, రోగి వచ్చినపుడు తీసియిచ్చుటకు అది చాలదు.

గడ్డకట్టించి దాచరాదా యని అడుగవచ్చును. మన రైతులకు ఈ ప్రశ్న సహజమైనది. పశువైద్యశాలలో గోపాలమిత్రుడు మోసికొనివచ్చు పొడవుమెడ డబ్బాను చూడనివారు మిర్యాలగూడ ప్రాంతమున అరుదు. మూత తీసినపుడు తెల్లని పొగ వెడలునది ద్రవనత్రజని. దాని చల్లదనము సున్నకు దిగువ 196 డిగ్రీలు. అందులో ఆబోతు వీర్యము ఏండ్లకొలది చెడక నిలిచి, కరగించినపుడు దూడను పుట్టించుచున్నది. ఆ విద్య దొరకుటయు ఒక వింత. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అను మువ్వురు పండితులు కోడిపుంజు వీర్యమును చక్కెర ద్రావణములో గడ్డకట్టింపజూచి విఫలులగుచుండగా, ఒక సీసాలోనిది మాత్రము బ్రతికినది. పరీక్షించి చూడగా చీటీ తాఱుమాఱైనదనియు, అందున్నది చక్కెర కాక గ్లిసరిననియు తేలినది. ఎవరో చీటీ తప్పు అంటించుటవలన లోకమునకింత మేలు కలిగెను!

వీర్యము నిలిచినపుడు గుజ్జు ఏల నిలువదు? ఇంటిలో దోసకాయను ఒక రాత్రి గడ్డకట్టించి ప్రొద్దున కరగించి చూచినవారికి సమాధానము తెలియును. నీరు మంచుగా మాఱునపుడు సుమారు పదింట ఒక పాలు ఉబ్బును. ఆ సూదులవంటి పలుకులు కాయలోని గదులన్నిటిని చీల్చివేయును. వీర్యకణములు ద్రవములో విడివిడిగా తేలియాడుచుండును గనుక గ్లిసరిను ఒక్కొక్కదానిని చుట్టి లోనికి పోయి కాపాడును. మృదులాస్థి కణములు అట్లు కాదు. దట్టమైన పీచులో లోతుగా పూడ్చబడియున్నవి. మందు పైపొరకు చేరునేకాని అడుగునకు చేరుటకు గంటలు పట్టును. చేరునట్లు చిక్కగా పోసినచో ఆ మందే విషమై కణములను చంపును. పలుచగా పోసినచో మంచు చంపును. ఇట్లు నడుమ చిక్కిన సమస్య యిది.

ఇచ్చట ఎముకకును గుజ్జుకును గల భేదమును గమనింపవలెను. ఎముకను లోతైన చల్లదనములో గడ్డకట్టించినచో దానిలోని కణములు చచ్చును. అయినను నష్టము లేదు. అమర్చినపిదప రోగి రక్తము దానిలోనికి ప్రాకి, పాత యిటుకలను తీసి క్రొత్తవి పేర్చినట్లు, మెల్లగా దానిని తనదిగా చేసికొనును. అందుచే ఎముకల నిధులు అనేక దేశములలో చిరకాలముగా నడచుచున్నవి. ముంబయిలోని టాటా స్మారక ఆస్పత్రిలో కణజాలనిధి 1988లోనే వెలసినది. మృదులాస్థికి అట్టి సౌకర్యము లేదు. అందులోనికి రక్తము పోదు. చచ్చిన కణముల స్థానమున క్రొత్తవి రావు. చనిపోయిన మృదులాస్థి కొన్నాళ్లు పనిచేసినట్లే కనబడి, పిదప పీచుపీచుగా ఊడిపోవును. కనుక అది బ్రతికియున్నపుడే చేరవలెను.

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయపు పండితులు ఈ ముడిని కొంత విప్పిరి. నాలుగు విధములైన ద్రవములను, ఒక్కొక్కదానిని ఒక్కొక్క వేడిమిలో, వరుసగా గంటలకొలది గుజ్జులోనికి ఇంకించి, నీరు మంచుపలుకులుగా మాఱక గాజువలె బిగుసుకొనునట్లు చేసి, ద్రవనత్రజనిలో మూడు మాసములుంచి తీసిరి. నాలుగింట మూడు పాళ్లకణములు సజీవముగా నుండెనని 2012లో ప్రకటించిరి. కరగించునపుడు జాగు చేసినచో గాజు మంచుగా మాఱు ప్రమాదముకూడ నున్నది. ఈ విద్య ఇంకను సాధారణ చికిత్సగా రాలేదు. రాకమానదని మా నమ్మకము. ఆ దినము వచ్చునప్పటికి దానమిచ్చు అలవాటు, తీయు చేతులు, దాచు గది మనకుండవలెను. ద్రవనత్రజనిని కొనవచ్చును, ఆ అలవాటును కొనుటకు అంగడి లేదు.

దానవిషయమున మన ప్రాంతము వెనుకబడినది కాదు. హైదరాబాదు నిమ్స్ కేంద్రముగా 2013లో ఆరంభమైన జీవన్‌దాన్ పథకముక్రింద, మరణానంతర అవయవదానములో తెలంగాణము దేశమున అగ్రస్థానము నందినది. 2024లో పదిలక్షల జనమునకు దాదాపు అయిదుగురు దాతలుండిరి. దేశపు సగటు ఒకరికంటె తక్కువ. కంటి విషయమున ఎల్.వి. ప్రసాద్ సంస్థవారు 1989లో రామాయమ్మ నేత్రనిధిని నెలకొల్పి, దానము చేయుడని గోడలపై వ్రాయించుటతో తృప్తిపడక, ఆస్పత్రిలో మరణించినవారి బంధువులకడకు పోయి మెత్తగా అడుగు మనుష్యులను నియమించిరి. ఫలము లభించినది.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. గుండె, కాలేయము ఇయ్యవలెనన్న మెదడు చచ్చి గుండె యింకను ఆడుచుండవలెను; నలుగురు వైద్యులు ఆఱు గంటల యెడముతో రెండుమాఱులు పరీక్షించి నిర్ణయింపవలెను; ఊపిరి యంత్రము కావలెను. అది పెద్ద ఆస్పత్రులలోనే సాధ్యము. కంటిపొర, ఎముక, చర్మము, మృదులాస్థి అట్లు కాదు. గుండె ఆగిన పిదపకూడ, గడువులోపల, తీయవచ్చును. రహదారిపైననే ప్రాణము విడిచి, సూర్యాపేట ఆస్పత్రికి శవముగా చేరినవాడుకూడ దాత కాగలడు. ఈ సంగతి మన పట్టణములలో విద్యావంతులకు సైతము తెలియదు.

అట్టి మరణము పోలీసుకేసు అగును. పంచనామా జరుగవలెను, పోస్టుమార్టము జరుగవలెను. తల్లిదండ్రులు మార్చురీ వరండాలో గంటలకొలది కూర్చుండవలసినదే. శరీరమును చట్టప్రకారము ఎటులైనను కోయుదురు, మరల కుట్టుదురు. కోసినవారే ఒక గంట కష్టపడి మోకాలి యెముకను, గుజ్జును తీసి, ఆ స్థానమున మఱియొక యాధారమునుంచి, కాలు వంకరపోకుండ కుట్టి యప్పగింపవచ్చును. పోలీసుకేసు శవముల విషయమున దీనికి చట్టములో ఏర్పాటున్నది. అంగవైకల్యముతో దహనము చేసినచో ఆత్మకు శాంతి లేదని వెఱచువారికి ఈ సంగతి ఓర్పుతో చెప్పవలెను, తూలనాడినచో వినరు. వారి శోకము వారిది.

దధీచి కథను మన సభలలో దానమును గూర్చి మాటాడు ప్రతి యుపన్యాసకుడు చెప్పును. అందులో ఒక సంగతిని మాత్రము విడిచిపెట్టుచుందురు. ఆ మహర్షి తానై వచ్చి నా యెముకలు తీసికొనుడనలేదు. దేవతలు ఆయన ఆశ్రమమునకు పోయి అడిగిరి. మనకడ అడుగువారు లేరు. 2011 సవరణ ఈ లోపమును కనిపెట్టినది. అత్యవసర చికిత్సాగదిలో నున్న రోగి బంధువులకు దానమను మార్గమొకటి కలదని తెలుపుట వైద్యుని విధియని నిర్దేశించినది. 2025 మార్చినుండి ఆ విధి మన వైద్యులకును సంక్రమించినది. నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. శారీరశాస్త్రము తెలిసినవారును, శస్త్రవైద్యులును అచ్చట గలరు. సూర్యాపేటనుండి హైదరాబాదు దాదాపు 135 కిలోమీటర్లు. మంచుపెట్టెలో పెట్టి పంపినచో మూడుగంటల దారి. చల్లని పెట్టె, శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు, బంధువులతో మాటాడనేర్చిన ఒక్కరు, ఇంతకంటె ఆరంభమునకు ఎక్కువ యక్కఱలేదు. సూర్యాపేటలో ప్రయోగశాల కట్టుడని మేము కోరుటలేదు. నిధి రాజధానిలో నుండవలెను. మొదట ఎముకనే దాచవలెను, ఆ విద్య తేలిక గనుక. మృదులాస్థిని పక్షముదినముల పద్ధతిననే ఆరంభింపవలెను.

ఆ నిధి ప్రభుత్వాస్పత్రిలోనే యుండవలెనని మాత్రము మేము పట్టుబట్టుదుము. చట్టము కణజాలముల క్రయవిక్రయములను నిషేధించినది. కాని శుభ్రపఱచుటకు, పరీక్షించుటకు, దాచుటకు ఖర్చగును. ఆ ఖర్చు అను మాట లాగినకొలది సాగును. కోదాడ కూలివాడు తన కుమారుని యెముకను ఉచితముగ నిచ్చి, ఏడాది తిరుగకుండ తన తమ్మునికి అట్టి ముక్కయే కావలసి వచ్చినపుడు లక్షలు చెల్లింపుమని విన్నచో, ఆ పల్లెలో మఱియెవరును దానమను మాట యెత్తరు. దాత మన ప్రాంతమువాడైనపుడు ఇంకొక జాగ్రత్తయు నవసరము. ఫ్లోరిన్ హెచ్చుగా గల నీరు చిరకాలము త్రాగినవారి యెముకలలో అది పేరుకొనియుండును. అట్టి యెముక మార్పిడికి తగునో తగదో నిధిలోని వైద్యులు విచారించి నియమమేర్పఱుపవలెను. పరదేశపు గ్రంథములలో ఆ నియమము దొరకునని కూర్చుండరాదు.

జిల్లా ఆస్పత్రులలో మంచములు, మందులు చాలకుండగా ఈ వింతచికిత్సలేల యని కొందఱందురు. కంటిపొర మార్పిడిని గూర్చియు ఒకనాడట్లే అనిరి. మంచములు కావలసినదే, అందుకై అడుగుట మానవలెనని ఎవరు చెప్పిరి? మార్చురీ వరండాలో కూర్చున్న తండ్రిని అడుగుటకు మంచము ఖర్చు కాదు.

మన గ్రామములలో ఇటీవల ఒక యాచారము బయలుదేఱినది. కలిగినవారు తమ తల్లిదండ్రుల పేర గ్రామమునకు శవపు మంచుపెట్టెను దానమిచ్చుచున్నారు. అమెరికానుండి కొడుకు వచ్చి కడసారి చూచువఱకు దేహము చెడకుండ నుండుటకది. మంచి పనియే. ఆ చల్లదనముయొక్క విలువ తెలిసిన మిల్లుల యజమానులు, వర్తకులు, భూస్వాములు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో కొదువలేదు. వారు పూనుకొన్నచో ఒక వాహనమును, దానిలో నాలుగు డిగ్రీల పెట్టెను సమకూర్చుట ఒక్క సీజనుకు మించిన పని కాదు. ప్రభుత్వము చేయవలసినది వేఱు. రాత్రి పదిగంటలకు పోలీసుజాబితాలో ఒక యువకుని పేరెక్కినపుడు, ఆ వరండాకు పోయి అతని తండ్రి ప్రక్కన కూర్చుండి అడుగు ఉద్యోగి యొకడు కావలెను. ఆ యుద్యోగమునకు ఉత్తర్వు ఏ కచ్చేరీనుండి, ఏ నాటికి వెలువడునో ఆరోగ్యశాఖవారు సెలవియ్యవలెను.